ఒక చేత్తో వాడుకోగల స్మార్ట్‌ఫోన్ ఇకపై దొరుకుతుందా?

ప్రశ్న – తూనీగ

నేను కొన్నేళ్లుగా వాడుతున్న చిన్న స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ ఇప్పుడు సాయంత్రం దాకా నిలవడం లేదు. కొత్తది కొందామని వెతకడం మొదలుపెట్టాక, దీని స్థానంలో పెట్టుకోదగిన ఫోను మార్కెట్లో లేదని అర్థమైంది. ‘కాంపాక్ట్’ అనే పేరుతో అమ్ముతున్నవి కూడా ఒక చేత్తో పట్టుకుంటే బొటనవేలు తెర పై మూలను అందుకోలేనంత పెద్దవిగా ఉన్నాయి. అందుకోవాలంటే ఫోనును అరచేతిలో కిందికి జార్చి, బరువంతా చిటికెనవేలి మీద నిలిపి, ఎక్కడ పడిపోతుందోనన్న భయంతో వేలు చాచాలి.

చిన్న ఫోను మీద నాకున్న ఇష్టానికి పాత రోజుల మీద మమకారం కారణం కాదు. రెండో చేతిలో సంచో, పిల్లల చెయ్యో, బస్సులో పట్టుకునే కడ్డీయో ఉన్నప్పుడు ఒక్క చేత్తో సందేశానికి జవాబు రాయగలగడం నాకు రోజూ అవసరం. పడుకొని చదువుకునేటప్పుడు మణికట్టుకు భారం కాకుండా ఉండటం, జేబులో పెట్టుకొని కూర్చున్నా వంగినా అడ్డు రాకపోవడం కూడా నాకు చిన్న విషయాలు కావు. వీటికి మించి ఇంకొకటి ఉంది. చిన్న తెర చేతిలో ఉన్నప్పుడు నేను వచ్చిన పని చూసుకొని ఫోను పక్కన పెట్టేస్తాను. పెద్ద తెర ముందు అదే పని ముగిశాక కూడా ఏదో ఒకటి చూస్తూ ఉండిపోతాను. అందరికీ ఇలాగే ఉంటుందని అనను గానీ, నా మటుకు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

చిన్న ఫోన్లు కావాలనేవారు నిజంగానే అంత తక్కువమందా, లేక తయారీదారులకే వాటిని చేయాలన్న ఆసక్తి లేదా? చిన్నగా చేయడానికి అడ్డుపడే సాంకేతిక కారణాలు ఏమైనా ఉన్నాయా? నేను ఇప్పుడు బ్యాటరీ మార్పించుకొని ఎదురుచూడాలా, లేక పెద్ద ఫోనుకు చేతిని అలవాటు చేసుకోవాలా? ఈ రంగం తెలిసినవారు, చిన్న ఫోన్లు వాడుతున్నవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం – వేకువ

మీరు అడిగినవాటికి జవాబు చెప్పే ముందు కొలత సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ చర్చలో సగం గందరగోళం అంగుళాల వల్లే వస్తోంది. తెర పరిమాణాన్ని మూల నుంచి మూలకు కొలుస్తారు. ఫోను చేతిలో ఇముడుతుందో లేదో తేల్చేది మాత్రం ప్రధానంగా దాని వెడల్పు.

2011లో సామ్‌సంగ్ మొదటి గెలాక్సీ నోట్‌ను 5.3 అంగుళాల తెరతో తెచ్చినప్పుడు, ఇంత పెద్ద ఫోనును ఎవరు పట్టుకుంటారని చాలామంది ఆశ్చర్యపోయారు. 2020లో ఆపిల్ 5.4 అంగుళాల తెరతో ఐఫోన్ 12 మినీని తెస్తే అందరూ దాన్ని బుల్లి ఫోను అన్నారు. అంగుళాల లెక్కలో రెండోదే పెద్దది. అయితే నోట్ వెడల్పు 83 మిల్లీమీటర్లు, మినీ వెడల్పు 64.2 మిల్లీమీటర్లు. ఈ రెండింటి మధ్య కాలంలో తెర చుట్టూ ఉండే అంచులు దాదాపు మాయమయ్యాయి, తెర పొడవు వెడల్పుల నిష్పత్తి 16:10 నుంచి 19.5:9కి మారి సన్నగా, పొడవుగా సాగింది. అందువల్ల 5.4 అంగుళాల మినీ తెర వైశాల్యం 5.3 అంగుళాల నోట్ తెర కంటే సుమారు ఎనిమిదో వంతు తక్కువే. 6.3 అంగుళాలు అన్న అంకెను చూసి భయపడటం గానీ, అదే అంకెను చూసి ఇది చిన్నదేనని నమ్మడం గానీ అందుకే సరికాదంటాను.

వెడల్పును పట్టుకొని చూస్తే చరిత్ర మరోలా కనిపిస్తుంది. 2012 నాటి ఐఫోన్ 5 వెడల్పు 58.6 మిల్లీమీటర్లు. 2014లో సోనీ తెచ్చిన ఎక్స్‌పీరియా జెడ్3 కాంపాక్ట్ 64.9. ఆపిల్ మినీలు రెండూ, అంటే ఐఫోన్ 12 మినీ, 13 మినీ, 64.2. ఆసుస్ జెన్‌ఫోన్ 9, 10 లు 68.1. 2019 నాటి గెలాక్సీ ఎస్10ఇ 69.9, 2025 నాటి గెలాక్సీ ఎస్25 70.5, అదే ఏడాది చైనాలో వన్‌ప్లస్ కాంపాక్ట్‌గా పరిచయం చేసిన 13టీ 71.7. పదమూడేళ్లలో ‘చిన్నది’ అనే మాటకు అర్థం పదమూడు మిల్లీమీటర్లు వెడల్పయింది. సగటు చేతికి 68 దాటాక బొటనవేలితో అవతలి అంచును తేలిగ్గా అందుకోవడం కష్టమవుతుందని నా అభిప్రాయం. మీ చేయి చిన్నదైతే ఆ హద్దు ఇంకా కింద ఉంటుంది. సగటున స్త్రీల చేతులు పురుషుల చేతుల కంటే చిన్నవి కాబట్టి, 72 మిల్లీమీటర్లను అందరికీ సరిపోయే కొలతగా స్థిరపరచడం కొనేవారిలో పెద్ద భాగాన్ని పక్కన పెట్టడమే అవుతుంది. ఈ విషయం మీద జరగాల్సినంత చర్చ జరగడం లేదు.

ఆ ఫోన్ల పరంపరలు ఎలా ముగిశాయో కూడా గమనించండి. సోనీ కాంపాక్ట్ వరసలో చివరిది 2018 నాటి ఎక్స్‌జెడ్2 కాంపాక్ట్. ఆపిల్ మినీలు రెండు తరాలకే ఆగిపోయాయి. 2022లో వాటి స్థానంలో 6.7 అంగుళాల ఐఫోన్ 14 ప్లస్ వచ్చింది, 2023 సెప్టెంబరులో 13 మినీని ఆపిల్ అమ్మకాల నుంచి తీసేసింది. మూడేళ్ల పాటు 5.9 అంగుళాల దగ్గర నిలబడిన జెన్‌ఫోన్ 2024లో ఒక్కసారిగా 6.78 అంగుళాలకు చేరింది. 4.7 అంగుళాల ఐఫోన్ ఎస్‌ఈ 2025 ఫిబ్రవరిలో 6.1 అంగుళాల 16ఇకి చోటిచ్చి తప్పుకుంది.

సమాధానం – రాతిమెట్టు

సాంకేతిక కారణాల గురించి అడిగారు. ఉన్నాయి. అయితే వాటిలో అన్నిటికీ ఒకే బలం లేదు.

ఫోను చిన్నదైనంత మాత్రాన లోపలి భాగాలన్నీ అదే నిష్పత్తిలో చిన్నవి కావు. కెమెరాలు, ప్రాసెసర్ ఉన్న బోర్డు, ఛార్జింగ్ రంధ్రం, స్పీకర్లు, సిమ్ అర, కంపనం ఇచ్చే మోటారు, యాంటెన్నాలు పెద్ద ఫోనులో ఎంత చోటు తీసుకుంటాయో చిన్న ఫోనులోనూ దాదాపు అంతే తీసుకుంటాయి. పైగా కెమెరా సెన్సర్లు ఏటేటా పెరుగుతున్నాయి. వీటన్నిటికీ ఇవ్వగా మిగిలిన చోటే బ్యాటరీకి దక్కుతుంది, కాబట్టి బయటి కొలతలో చేసిన చిన్న కోత మొత్తం బ్యాటరీ మీదే పడుతుంది. ఐఫోన్ 12లో 2815 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణం) బ్యాటరీ ఉంటే, అదే ప్రాసెసర్‌తో అదే ఏడాది వచ్చిన 12 మినీలో 2227 మాత్రమే ఉంది. చిన్న తెర తక్కువ విద్యుత్తు తీసుకుంటుందన్న మాట నిజమే గానీ, ప్రాసెసర్‌కూ 5జీ మోడెమ్‌కూ తెర చిన్నదా పెద్దదా అన్న తేడా ఉండదు. అవి తీసుకునేది తీసుకుంటూనే ఉంటాయి. మినీ బ్యాటరీ సాయంత్రానికే అయిపోతుందన్న పేరు అలా వచ్చింది. మరుసటి ఏడాది 13 మినీలో బ్యాటరీని 2400కు పైగా పెంచి, ముందుదాని కంటే గంటన్నర ఎక్కువ నిలుస్తుందని ఆపిల్ ప్రకటించింది, కానీ కొనేవారి మనసులో మొదటి అభిప్రాయం అప్పటికే స్థిరపడిపోయింది.

రెండో అడ్డంకి వేడి. ప్రాసెసర్ పుట్టించే వేడి ఫోను ఉపరితలం నుంచే బయటికి పోవాలి, ఉపరితలం తగ్గితే అది త్వరగా వేడెక్కి వేగాన్ని తగ్గించుకోవాల్సి వస్తుంది. ఎక్కువసేపు ఆటలు ఆడేవారికి, వీడియో తీసేవారికి ఇది తెలుస్తుంది. సందేశాలు, ఫోటోలు, దారి చూసుకోవడం వంటి పనులకు వాడేవారికి దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు.

బ్యాటరీ విషయంలో మాత్రం గత రెండు మూడేళ్లలో పరిస్థితి మారింది. లిథియం అయాన్ బ్యాటరీ ఆనోడ్‌లో (ఛార్జింగ్‌లో లిథియంను పట్టి ఉంచే ధ్రువంలో) ఇంతకాలం గ్రాఫైట్ వాడుతూ వచ్చారు. అదే బరువుకు సిలికాన్ గ్రాఫైట్ కంటే చాలా రెట్లు ఎక్కువ లిథియంను పట్టి ఉంచగలదు, అయితే ఛార్జింగ్ సమయంలో అది మూడు రెట్ల దాకా ఉబ్బి పగుళ్లు తెచ్చుకుంటుంది. సిలికాన్‌ను అతి సన్నని రూపంలో కర్బనంతో కలిపి ఆ ఉబ్బును అదుపులో పెట్టడం వల్ల సిలికాన్-కార్బన్ బ్యాటరీలు సాధ్యమయ్యాయి. 2023లో చైనా మార్కెట్‌కు వచ్చిన హానర్ మ్యాజిక్5 ప్రోతో ఇవి ఫోన్లలోకి ప్రవేశించాయి. 2024 చివర్లో వచ్చిన వివో ఎక్స్200 ప్రో మినీ 6.31 అంగుళాల ఫోనులో 5700 ఎంఏహెచ్‌ను ఇమిడ్చింది, 2025లో వన్‌ప్లస్ 13టీ 6.32 అంగుళాల ఫోనులో 6260కి చేరింది. బయటి కొలతలను గుణించి చూస్తే 13టీ ఘనపరిమాణం ఐఫోన్ 13 మినీ కంటే మూడో వంతుకు కాస్త పైగానే ఎక్కువ. బ్యాటరీ మాత్రం రెండున్నర రెట్లకు పైగా పెద్దది. ఇందులో కొంత రసాయనం వల్ల వచ్చింది, ఎక్కువ భాగం నేను పైన చెప్పిన లెక్క వల్లే వచ్చింది: మిగతా భాగాలకు కావలసిన చోటు పెరగలేదు కాబట్టి, పెరిగిన చోటు దాదాపు పూర్తిగా బ్యాటరీకే చేరింది.

ఇదే పరిజ్ఞానంతో 65 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫోను చేసి, మందాన్ని ఒక మిల్లీమీటరు పెంచితే, 3500 ఎంఏహెచ్ దాటడం అసాధ్యం కాదని నా అంచనా. కొత్త రసాయనం లేని రోజుల్లోనే జెన్‌ఫోన్ 9 తన 9.1 మిల్లీమీటర్ల మందంలో 4300 పెట్టి చూపించింది. చిన్న ఫోను కావాలనేవారు ఆ పాటి మందానికి వెనకాడరు. పూర్తి శక్తిగల చిన్న ఫోనును చేయలేకపోవడం ఇప్పుడు సాంకేతిక సమస్య కాదనే నేను నమ్ముతున్నాను.

సమాధానం – నీలిగోరింట

రాతిమెట్టు గారితో చివరి వాక్యంతో సహా ఏకీభవిస్తాను. ఇది సాంకేతిక సమస్య కాకపోతే మరేమిటన్నది కూడా చూడాలి, పెద్ద తెర ఎంచుకున్నవారి వైపు నుంచి ఎవరో ఒకరు మాట్లాడాలి కూడా.

చాలామందికి ఫోనే ఏకైక కంప్యూటర్. పాఠాలు వినడం, దరఖాస్తులు నింపడం, బ్యాంకు పని చేసుకోవడం, దూరంగా ఉన్న మనవల ముఖం చూడటం అన్నీ దాని మీదే జరగాలి. కంటిచూపు తగ్గినవారు అక్షరాలను పెద్దవి చేసుకుంటే చిన్న తెర మీద నాలుగైదు వరుసలకు మించి పట్టవు. గుణింతపు గుర్తులు పైన, ఒత్తులు కింద వచ్చే లిపుల్లో వరుసకు వరుసకు మధ్య ఎడం ఎక్కువ కావాలి కాబట్టి ఆ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. పెద్ద ఫోను కొన్నవారంతా ప్రకటనలకు లొంగిపోయినవారని అనుకోవడం అన్యాయం. వారి అవసరం నిజమైనది, వారి సంఖ్య ఎక్కువ.

అలాగని చిన్న ఫోన్లు ఎవరికీ అక్కర్లేదన్న మాట కూడా నిలవదు. 2016 మార్చిలో మొదటి ఐఫోన్ ఎస్‌ఈని విడుదల చేస్తూ, అంతకుముందు ఏడాది తాము 4 అంగుళాల ఫోన్లను 3 కోట్లు అమ్మామని ఆపిలే చెప్పింది. ఐఫోన్ 6, 6 ప్లస్ అప్పటికే దుకాణాల్లో ఉన్నాయి, అయినా అంతమంది చిన్నదే ఎంచుకున్నారు. అయితే ఆ 4 అంగుళాల ఫోన్లు పెద్దవాటి కంటే చవకైనవన్నది మరవకూడదు. కొందరు తెర కోసం కొన్నారు, కొందరు ధర కోసం కొన్నారు, ఈ రెండు రకాలవారిని విడదీసి లెక్కించే దారి లేదు. చిన్న ఫోనును ఖరీదైన ధరకు అమ్మితే ఎంతమంది కొంటారన్న ప్రశ్నకు మినీ జవాబు కావాల్సింది. కానీ అది 2020 నవంబరులో, జనం ఇళ్లలోనే ఎక్కువగా గడుపుతున్న కాలంలో వచ్చింది. ప్రయాణంలో ఒక చేత్తో వాడుకునే సౌకర్యానికి అప్పుడు విలువ తక్కువ. ఆ ఏడాది వసంతంలోనే చవకైన రెండో తరం ఎస్‌ఈ వచ్చి ఉండటంతో, చిన్నది కావాలనుకున్నవారిలో కొందరు ముందే దాన్ని కొనేసి ఉంటారు. ఈ ఒక్క పరీక్ష ఫలితాన్ని పట్టుకొని తీర్పు రాసేశారన్నదే నా బాధ.

వ్యాపారం వైపు ఉన్న అసలు చిక్కు వేరే అని నాకనిపిస్తుంది. కొత్త కొలతలో ఫోను చేయాలంటే తెరలకు, అచ్చులకు, పరీక్షలకు, అనుమతులకు విడిగా ఖర్చు పెట్టాలి. అది పెద్ద ఫోనుకు అయ్యేదానికి తక్కువేమీ కాదు. కొనేవారు మాత్రం చిన్నది చవకగా ఉండాలని ఆశిస్తారు. పైగా చిన్న ఫోన్లను ప్రేమించేవారు, తూనీగ గారిలాగే, కొన్నదాన్ని ఏళ్ల తరబడి అట్టిపెట్టుకుంటారు. ఏటా కొత్తది అమ్ముడుపోవాలన్న లెక్కతో నడిచే సంస్థకు ఇంతకంటే అనుకూలించని వినియోగదారులు ఉండరు. పెబుల్ అనే స్మార్ట్ గడియారాల సంస్థ స్థాపకుడు ఎరిక్ మిజికోవ్‌స్కీ 2022లో 6 అంగుళాల లోపు ఆండ్రాయిడ్ ఫోను కోసం ఇంటర్నెట్‌లో సంతకాలు సేకరించినప్పుడు వేలమంది ముందుకు వచ్చారు, అయినా ఆ పిలుపు విని ఏ పెద్ద సంస్థా అలాంటి ఫోనును తీసుకురాలేదు.

తూనీగ

అందరికీ కృతజ్ఞతలు. వెడల్పు గురించి వేకువ గారు చెప్పింది చదివాక నా ఫోనును కొలిచి చూశాను. నాకు 66 దాకా హాయిగా ఉంటుందని తేలింది. పెద్ద తెర అవసరమైనవారి గురించి నీలిగోరింట గారు చెప్పినది పూర్తిగా న్యాయం, వారికి ఉన్నది తగ్గించాలని నేను కోరడం లేదు. మడత ఫోన్ల సంగతి కూడా అడగాలనుకున్నాను. అడ్డంగా మడిచే చిన్న రకం నాలాంటివారికి పరిష్కారమవుతుందా? ఇటీవల వస్తున్న పలుచని ఫోన్ల మాటేమిటి?

సమాధానం – మునిమాపు

నేను ఫోన్ల మరమ్మతు పని చేస్తాను కాబట్టి చేతిలో పట్టి చూసినవాటి గురించే చెబుతాను.

అడ్డంగా మడిచే ఫోను జేబు సమస్యను తీరుస్తుంది, బొటనవేలి సమస్యను తీర్చదు. గెలాక్సీ జెడ్ ఫ్లిప్5ను తీసుకుంటే, మడిచినప్పుడు దాని పొడవు 85 మిల్లీమీటర్లే, కానీ వెడల్పు 71.9, మందం 15 పైనే. తెరిస్తే 6.7 అంగుళాల పొడవాటి ఫోను అవుతుంది, బరువు 187 గ్రాములు. మీ 66 మిల్లీమీటర్ల హద్దుకు అది బాగా అవతల ఉంది. పైగా తెరవడానికి చాలాసార్లు రెండో చెయ్యి కావాల్సి వస్తుంది, మీరు ఫోనును వాడుకునేదే రెండో చెయ్యి ఖాళీ లేనప్పుడు. బయటి తెర మీదే చిన్న జవాబులు రాసుకోగలిగితే కొంత ఊరట ఉంటుందని మాత్రం ఒప్పుకోవాలి.

పలుచని ఫోన్లు మీ దారిలోవి కావు. 2025లో వచ్చిన గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ మందం 5.8 మిల్లీమీటర్లు, ఐఫోన్ ఎయిర్ మందం 5.6, వాటి తెరలు మాత్రం 6.7, 6.5 అంగుళాలు. తేలికగా ఉంటాయి, అవతలి అంచు మాత్రం దగ్గరవదు. ఇక మరీ చిన్నవి కావాలంటే యూనిహెర్ట్జ్ జెల్లీ స్టార్ వంటి 3 అంగుళాల ఫోన్లు ఉన్నాయి. అవి అత్యవసరానికి, రెండో ఫోనుగా బాగుంటాయి గానీ, అంత చిన్న కీబోర్డు మీద రోజంతా రాయడం నావల్ల కాదు. ఆ 3 అంగుళాలకూ ఇప్పటి 6.1 అంగుళాలకూ మధ్య పెద్ద సంస్థలు ఖాళీగా వదిలేసిన చోటు ఉందే, మీకు కావలసింది సరిగ్గా అక్కడే ఉంది.

కాబట్టి నా సలహా: మీ ఫోనుకు ఇంకా భద్రతా అప్‌డేట్లు వస్తున్నాయేమో ముందు చూసుకోండి. ఉదాహరణకు 2025లో వచ్చిన ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 కూడా 12 మినీ, 13 మినీలకు అందింది, అంటే ఆ ఫోన్లకు కాలం ఇంకా తీరలేదు. అప్‌డేట్లు వస్తున్నట్టయితే ఆలోచించకుండా తయారీదారు ఇచ్చే బ్యాటరీయే వేయించుకోండి. వేయించేటప్పుడు ఫోను అంచున నీరు చొరబడకుండా అతికించే పట్టీని కూడా కొత్తది పెట్టమని అడగండి, పాతదానితోనే మూసేస్తే తడి నుంచి రక్షణ పోతుంది. ముందుచూపుతో విడి బ్యాటరీ ఒకటి కొని దాచుకోవాలనుకుంటారు చాలామంది. అది వద్దు. లిథియం బ్యాటరీ వాడకపోయినా క్షీణిస్తుంది, రెండేళ్ల తర్వాత మీరు పెట్టెలోంచి తీసేది కొత్త బ్యాటరీ కాదు.

అప్‌డేట్లు ఆగిపోయి ఉంటే బ్యాంకు పనులు చేసే ఫోనుగా దాన్ని కొనసాగించడం మంచిది కాదు. అప్పుడు గెలాక్సీ ఎస్25 వంటి 70 మిల్లీమీటర్ల ఫోను మీకు దగ్గరిది. దాని బరువు 162 గ్రాములు, ఏడేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామని సామ్‌సంగ్ మాటిచ్చింది. తెరను సగానికి కిందికి దించే ఒక చేతి ఏర్పాటు ఐఫోన్లలోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ సెట్టింగుల్లో ఉంటుంది, కీబోర్డును ఒక పక్కకు జరుపుకోవచ్చు కూడా. చిన్న ఫోను ఇచ్చే సుఖం వీటితో పూర్తిగా రాదు, సగం దాకా వస్తుంది.

కొనే ముందు ఒక పని చేయండి. దళసరి అట్టను ఆ ఫోను పొడవు వెడల్పులకు కత్తిరించి, అదే మందం వచ్చేలా పొరలు అతికించి, అంత బరువు వచ్చేలా వెనక నాణేలు అంటించి, ఒక రోజంతా జేబులో పెట్టుకొని తిరుగుతూ చేతిలో పట్టుకొని చూడండి. తొడుగు వాడేవారైతే ప్రతి కొలతకూ మరో రెండు మూడు మిల్లీమీటర్లు కలపండి. దుకాణంలో రెండు నిమిషాలు పట్టుకున్నప్పుడు తెలియని ఇబ్బంది ఆ రోజు సాయంత్రానికి మీ బొటనవేలి మొదట్లో తెలుస్తుంది.

సమాధానం – వేకువ

మునిమాపు గారి సలహాకు ఒక వివరం జోడిస్తాను. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 తర్వాత మార్కెట్‌కు వచ్చే కొత్త ఫోన్లకు, అమ్మకాలు ఆగిన నాటి నుంచి ఏడేళ్ల పాటు ముఖ్యమైన విడిభాగాలను అందుబాటులో ఉంచాలని, కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలని నియమం పెట్టారు. పాత చిన్న ఫోన్లకు ఇది వర్తించదు. రేపు ఏ సంస్థయినా మళ్లీ ఒక చిన్న ఫోను తెస్తే మాత్రం, దాన్ని ఇష్టపడి కొన్నవారు ఇప్పటికంటే ఎక్కువ కాలం వాడుకోగలుగుతారు. అది కొనేవారికి మేలు. నీలిగోరింట గారు చెప్పిన అమ్మకాల లెక్కను ఇది ఇంకా కష్టతరం చేస్తుందేమో కూడా చూడాలి. ఏటా కొత్త తరం తేకుండా, మూడు నాలుగేళ్లకు ఒకసారి ఒకే చిన్న ఫోను తెచ్చి దాన్నే ఆ కాలమంతా అమ్మే పద్ధతి ఏ సంస్థయినా ప్రయత్నిస్తే ఆ లెక్క కుదురుతుందని నాకనిపిస్తోంది. మొదటి ఎస్‌ఈకీ రెండో ఎస్‌ఈకీ మధ్య నాలుగేళ్లు గడిచినా కొనేవారు మిగిలే ఉన్నారు.